వాడనని మాటిచ్చిన అధికారం

1851 మార్చిలో, హారియెట్ టేలర్‌ని పెళ్ళి చేసుకోవడానికి నెలన్నర ముందు, జాన్ స్టువర్ట్ మిల్ ఒక కాగితం రాసి సంతకం పెట్టాడు. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయ్యాక భార్య సొమ్ము, సంపాదన, రాకపోకలు చాలావరకు భర్త చేతిలోకి వచ్చేవి. ఈ అధికారాలు నాకు వద్దు, చట్టప్రకారం వదులుకునే దారి ఉంటే వదులుకునేవాణ్ణి, ఆ దారి లేదు కాబట్టి నా నిరసన రాసి పెడుతున్నాను, వీటిని ఎప్పటికీ వాడనని మాట ఇస్తున్నాను. ఆ కాగితం సారాంశం ఇదీ. మిల్ పెద్ద పుస్తకాలకన్నా నాకు ఇదే ఎక్కువ గుర్తుంటుంది. కారణం సొంతది. అమెరికాలో నేను హెచ్-1బి మీద ఉన్నాను, నా భార్య హెచ్-4 మీద ఉంది.

హెచ్-4 అంటే ఒకరి వీసాకి తోకలా వచ్చే వీసా. నా ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఇద్దరికీ ఒకేసారి మొదలవుతుంది. విడాకులైతే ఆమె హోదా మాత్రమే పోతుంది, నాది ఉంటుంది. ఆమె రెన్యూవల్ అర్జీకి నా పే స్లిప్పులు, నా ఐ-797 కావాలి. డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా ఆ తేదీల వెనకే నడుస్తుంది. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వాళ్ళకి పని అనుమతి దొరుకుతోంది కానీ, అది ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు అర్జీలో ఐ-140 అనే మెట్టు దాటితేనే. ఆ అనుమతి తీసుకున్నవాళ్ళలో 90 శాతానికి పైగా భారతీయులే, వాళ్ళలోనూ అత్యధికులు ఆడవాళ్ళే. (భార్య హెచ్-1, భర్త హెచ్-4 అయిన ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ కథ ఇంకో రకంగా నలుగుతుంది, అది వేరే వ్యాసం.) మా ఐ-140 ఇంకా రాలేదు. ఎం.ఫార్మసీ చదివి, హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి ఇక్కడ వారానికి నాలుగు గంటల ట్యూషన్ చెప్పి డబ్బు తీసుకున్నా వీసా నిబంధనల ఉల్లంఘనే.

ఈ మాట ఎత్తితే మనవాళ్ళు వెంటనే అనేది, "నువ్వు బాగానే చూసుకుంటున్నావుగా, ఇంకేంటి?" అని. ఫిలిప్ పెటిట్ అనే తత్వవేత్త వాదన ఈ ప్రశ్నకి సూటిగా తగులుతుంది. యజమాని దయగలవాడైనా బానిస స్వేచ్ఛగా ఉన్నట్టు లెక్క కాదు. కొరడా గోడకి వేలాడుతున్నంతకాలం, అది కిందికి దిగకపోవడం యజమాని ఇష్టమే. మొగుడూ పెళ్ళాల విషయంలో బానిసత్వం పోలిక పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ "మంచి మొగుడు దొరికాడు, అదృష్టం" అన్న మాటలో ఉన్న భయం ఇదే. హక్కుగా ఉండాల్సింది అదృష్టం మీద ఆధారపడింది.

ఇండియాలో మాత్రం మొగుడికి పెత్తనం లేదా? ఉంది, కావలసినంత. అయితే అక్కడ ఎదురుబరువు కూడా ఒకటి ఉంది. అలక. అలిగి పుట్టింటికి పోవడం గురించి మన సినిమాలు జోకులేసుకున్నాయి గానీ, అది తెలుగు కాపురాల్లో నిజమైన రాజ్యాంగ హక్కు. బస్సెక్కితే సాయంత్రానికి అమ్మ దగ్గర ఉండొచ్చు. నాలుగు రోజుల తర్వాత మావగారు ఫోన్ చేస్తే అల్లుడు దిగొస్తాడు. నంది తిమ్మన సత్యభామ అంత దర్జాగా అలిగిందంటే, అలగడానికి ఆమెకి సొంత మందిరం ఉంది మరి. ఇక్కడ రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో తలుపేసుకోవడం తప్ప చోటు లేదు. పుట్టింటికి పోవాలంటే విమానం టికెట్టు నా కార్డు మీద కొనాలి. పాస్‌పోర్టులో వీసా గడువు దాటి ఉంటే, తిరిగి రావడానికి హైదరాబాదు కాన్సులేటులో స్టాంపింగ్ కావాలి, దానికీ నా కాగితాలే. పదహారేళ్ళ లోపు పిల్లకి అమెరికా పాస్‌పోర్టు తీయాలంటే మామూలుగా ఇద్దరి సమ్మతీ ఉండాలి. తండ్రి ఒప్పుకోకుండా పిల్లని తీసుకుని అమ్మమ్మగారింటికి వెళ్తే, అది ఇక్కడి కోర్టులో పిల్లని ఎత్తుకుపోయిన కేసు కూడా కావచ్చు. వెళ్ళిపోగలిగి కూడా ఉండిపోవడానికి ఒక అర్థం ఉంటుంది. వెళ్ళలేక ఉంటే, "సర్దుకుపోయాం" అన్న మాటకి అర్థమేమిటో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఆమె నాతో ఏకీభవించినప్పుడు అది ఏకీభావమో కాదో నాకు తెలిసే దారి లేదు.

నేను కూడా ఒకరి చేతిలో ఉన్నవాణ్ణే కదా అనొచ్చు. నిజమే. ఒక దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల మన గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో అందరికీ తెలుసు. కానీ నాకు మేనేజరు నచ్చకపోతే వేరే కంపెనీ కొత్త పిటిషన్ వేస్తుంది, నేను మారిపోతాను. ఆమె నన్ను మార్చకుండా తన హోదా మార్చుకోవాలంటే లాటరీలో సొంత హెచ్-1 రావాలి, లేదా ఎఫ్-1 మీద మళ్ళీ చదవాలి. ఫీజు ఎవరి ఖాతాలోంచి? మళ్ళీ నా దగ్గరికే.

మిల్ కాగితం గొప్పదనం నిజాయితీలో ఉంది. తనకి అధికారం లేనట్టు నటించలేదు. మనలో చాలామంది చేసేది ఆ నటనే. "మా ఇంట్లో అన్నీ మా ఆవిడ ఇష్టమే" అని నవ్వుతూ చెప్పేస్తాం. ఆ కాగితం బలహీనత కూడా అక్కడే ఉంది. వాడనని మాటిచ్చినా అధికారం ఇచ్చినవాడి దగ్గరే ఉంటుంది. ఇంగ్లండులో పెళ్ళైన ఆడవాళ్ళకి తమ సంపాదన తమదైంది 1870 చట్టంతో, ఆస్తి తమదైంది 1882 చట్టంతో. మగవాళ్ళ మంచి మాటలతో కాలేదు.

చట్టం నా చేతిలో లేదు కాబట్టి చిన్న పనులు మిగులుతాయి. మిల్ కాగితం గురించి చెబితే మా ఆవిడ అంతా విని, "ప్రమాణాలెందుకు గానీ, నీ ఐ-797 కాపీ నా మెయిల్‌కి పంపు" అంది. పంపాను. పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్ల బర్త్ సర్టిఫికెట్టు ఇప్పుడు ఆమె బీరువాలో ఉన్నాయి. ఆమె ఒక్కదాని పేరుమీదే ఒక ఖాతా ఉంది, రెండు టికెట్లకీ కొన్ని నెలల ఖర్చుకీ సరిపోయేలా అందులో నెలనెలా కొంత పడుతుంది. ఆ డబ్బు వచ్చేది నా జీతంలోంచే, నేను ఏ నెలైనా ఆపేయొచ్చు కాబట్టి అదీ మిల్ కాగితమే అంటుంది ఆమె. ఆ వాదనకి నా దగ్గర ఇంకా జవాబు లేదు.