పంపినవారికీ ఒక పిలుపు ఉంది



కిందటి అక్టోబరులో వేదవ్యాపక ఆదివారం నాడు, దివ్యబలిపూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపింది. నర్సింగు చదువు పూర్తిచేసిన పిల్ల. "ఫాదర్ గారూ, ఆఫ్రికాలోనో ఇంకెక్కడో దిక్కులేనివాళ్లను చూసుకునే మఠకన్యల దగ్గర ఒక ఏడాది పనిచేయాలని ఉందండి. జీతం వద్దు. మీరొక ఉత్తరం రాసిస్తారా?" అని అడిగింది. నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషంలో నలుగురికీ వినబడేటట్టు, "చూశారా, మన విచారణ నుంచి పరదేశానికి సేవకు బయలుదేరే మొదటి బిడ్డ!" అనేశాను.

పక్క మెట్టు మీద కూర్చున్న ఒక పెద్దావిడ తలెత్తి చూసింది. "మా అమ్మాయి మస్కట్టు వెళ్లి పదకొండేళ్లయిందండి. అక్కడో ముసలావిడికి నీళ్లు పోయడం, అన్నం తినిపించడం, గుడ్డలు మార్చడం. రాత్రుళ్లు కూడా ఆవిడ మంచం పక్కనే పడుకుంటాదండి. మరి దాన్ని సేవ అనరాండి?"

"జీతానికి వెళ్లింది కదమ్మా" అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తల్లికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్ననే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ల నుంచి ఒక తల్లో, ఒక కూతురో, ఒక కోడలో కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయిలోనో పరాయివారి పిల్లలను, పరాయివారి పెద్దలను చూసుకుంటున్నారు.

ముందుగా ఒక పాత సంగతి గుర్తు చేసుకుందాం. ఎదుర్లంక దగ్గర నిలబడి చూస్తే గౌతమి అవతలి ఒడ్డున యానాం కనబడుతుంది. ఒకప్పుడు పంటు మీద దాటేవాళ్లం, ఇప్పుడు బాలయోగి వారధి మీద నిమిషాల్లో దాటుతున్నాం. 1849లో ఆ యానానికి ఆనెసీ అనే ఊరి నుంచి పునీత జోజప్పగారి మఠకన్యలు వచ్చి దిగారు. ఆనెసీ ఆల్ప్స్ కొండల మధ్య, సరస్సు ఒడ్డున ఉన్న చల్లని పట్టణం. అప్పటికి సూయజ్ కాలువ లేదు, అది 1869లో గాని తెరుచుకోలేదు. మన గోదావరి కూడా ఇప్పటి గోదావరి కాదు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కడుతూనే ఉన్నారు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవును 1839లో ఉప్పెన ముంచెత్తి అప్పటికి పదేళ్లే. మంచు తప్ప ఎండ ఎరుగని ఆ ఆడబిడ్డలు ఈ ఉక్కలోకి, ఈ దోమల్లోకి, ఒక్క ముక్క అర్థంకాని భాషలోకి వచ్చారు. తరువాత విశాఖపట్నం వైపు ఆడపిల్లల చదువుకు వారు చేసిన కృషి మనకు తెలిసిందే.

వాళ్లను సాగనంపిన తల్లిదండ్రులను గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? ఆ కొండ ఊళ్లో కూడా ఒక ముసలి తల్లి గుడి మెట్ల మీద కూర్చుని, "నా బిడ్డ ఎక్కడుందో" అని తూర్పు వైపు చూసే ఉంటుంది. ఆ తల్లి ఒంటరితనం కూడా మన విశ్వాసానికి ఎరువైంది. అందుకోవడం మనకు తెలుసు. ఇప్పుడు పంపే వంతు మనది.

పరదేశ సేవ అంటే విహారయాత్ర కాదని ఆ నర్సు అమ్మాయికి చెప్పాను. ఏడెన్ సంగతి కూడా చెప్పాను. యెమెన్ దేశంలోని ఏడెన్ నగరంలో మదర్ తెరెసాగారి మఠకన్యలు వృద్ధులకు, వికలాంగులకు ఒక ఆశ్రమం నడిపేవారు. యుద్ధం ముదిరింది. వెళ్లిపోవడానికి దారి ఉన్నా, లేవలేనివారిని వదిలి వెళ్లడం ఇష్టంలేక వారు అక్కడే ఉండిపోయారు. 2016 మార్చి 4, తపస్కాలపు శుక్రవారం ఉదయం సాయుధులు లోపలికి చొరబడ్డారు. పదహారుమంది చనిపోయారు. అందులో నలుగురు మఠకన్యలు: ఇద్దరు రువాండా వారు, ఒకరు కెన్యా, ఒకరు మన దేశపు జార్ఖండ్ బిడ్డ. ఆ ఉదయం కూడా వారు చేస్తున్నది రోజూ చేసే పనే. మంచాన ఉన్నవారికి తినిపించడం, శుభ్రం చేయడం.

గమనించారా? మస్కట్టులోని ఆ కూతురు చేస్తున్న పనీ అదే. నీళ్లు పోయడం, తినిపించడం, గుడ్డలు మార్చడం. మరి తేడా జీతమేనా?

లూకా సువిశేషం పదవ అధ్యాయంలోని మంచి సమరీయుని కథ మనకు కంఠతా వచ్చు. గాయాలకు కట్టుకట్టి, తన వాహనం మీద సత్రానికి చేర్చి, మర్నాడు రెండు దీనారాలు సత్రం యజమాని చేతిలో పెట్టి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి అతడు వెళ్లాడు. మరి ఆ గాయపడినవాడు లేచి నడిచేదాకా పక్కన ఉండవలసింది ఎవరు? సత్రం యజమాని. కట్లు మార్చడం, గంజి తాగించడం, రాత్రి మూలుగు వినబడితే లేవడం అతని వంతు. అతడు డబ్బు తీసుకున్నాడు, నిజమే. కాని అతడు లేకపోతే సమరీయుని దయ దారి మధ్యలోనే ఆగిపోయేది. సమరీయుని మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. సత్రం యజమాని మీద ఒక్కటీ చేయలేదు. ఆ తల్లి ప్రశ్న విన్నాకే అతడు నా కంటబడ్డాడు.

జీతం లేనంత మాత్రాన ప్రేమ దానంతటదే రాదు. జీతం ఉన్నంత మాత్రాన ప్రేమ పోదు. కన్నపిల్లల ఫీజుల కోసం వెళ్లిన తల్లి, పరాయి ముసలావిడ నోటికి ముద్ద అందించేటప్పుడు కసురుకోకుండా అందిస్తే, మత్తయి సువిశేషం ఇరవై అయిదవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన తీర్పులో ఆ ముద్ద లెక్కకు వస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. "సేవ" అన్న మంచి మాటను అన్యాయం మీద ముసుగులా కప్పకూడదు. పాస్‌పోర్టు లాక్కుని, జీతం ఆపి, గదిలో పెట్టి తాళం వేసే ఇళ్లూ ఉన్నాయి. పనివారికి ఎగవేసిన కూలి దేవుని చెవిన పడుతుందని పునీత యాకోబుగారు తన లేఖలో గట్టిగానే రాశారు. కనుక బిడ్డను పంపే కుటుంబాలు తొందరపడవద్దు. విజిట్ వీసా మీద పనికి పంపవద్దు. ఒప్పందం కాగితం, పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉంచుకోండి. ఏజెంటు నోటిమాటను నమ్మి సంతకం చేయవద్దు. ఇదీ ప్రేమలో భాగమే.

2019 ఫిబ్రవరి 5న దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు అబుదాబిలో దివ్యబలిపూజ అర్పించారు. అరేబియా గడ్డ మీద ఒక పోపుగారు పూజ చేయడం అదే మొదటిసారి. లక్షకు పైగా జనం వచ్చారు. వారిలో చాలామంది మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి పనికి వెళ్లినవారే. అక్కడి శ్రీసభ అంటే వలస వెళ్లిన కూలీలు, నర్సులు, ఇంటిపని చేసే తల్లులే.

ఇక మన సంగతి. వేదవ్యాపక ఆదివారాన్ని 1926లో పదకొండవ పయస్ పోపుగారు ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది, సముద్రాలు దాటిన పునీత ఫ్రాన్సిస్ శౌరివారితో సమానంగా, మఠం గోడ దాటి వెళ్లని చిన్న తెరేజమ్మగారిని వేదవ్యాపకానికి పాలకురాలిగా ప్రకటించారు. వెళ్లేవారికి ఒక పిలుపు ఉంది. ఉండిపోయేవారికి కూడా సరిసమానమైన పిలుపు ఉంది. మనం ఏటా చందా పళ్లెంలో నోటు వేసి ఆ పిలుపు తీరిందనుకుంటున్నాం.

మస్కట్టులో ఒక ముసలావిడకు పక్కన మనిషి ఉంది. ఆ మనిషిని కన్న తల్లికి ఇక్కడ ఎవరున్నారు? నెల నెలా డబ్బు వస్తుంది. కంటి ఆపరేషను అయ్యాక చుక్కల మందు వేసే చెయ్యి రాదు.

నేను ఆ అమ్మాయికి ఉత్తరం రాసిచ్చాను. కాగితాలు వచ్చేలోగా ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి మందు వేసి రమ్మని అడిగాను. మొదటి వారం చిన్నబోయిన ముఖంతో వచ్చింది. "ఆవిడ వేయించుకోవట్లేదండి" అంది. మూడో వారం నవ్వుతూ చెప్పింది: "ముందు కూర్చోవాలండి. వాళ్లమ్మాయి కబుర్లు అరగంట వినాలి. అప్పుడే మందు." ఏ దేశం వెళ్లినా ఆమెకు పనికొచ్చే పాఠం అదే.

తరువాతి ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో, పరదేశాల్లో ఉన్న మన విచారణ బిడ్డల పేర్లు ఒక్కొక్కటిగా చదివాను. నేననుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. ఇన్నేళ్లూ ఆ పేర్లు బలిపీఠం దగ్గర వినబడకపోవడం నా తప్పు. ఆ తల్లి కూతురి పేరు వచ్చినప్పుడు ఆవిడ ముసుగు సర్దుకుని లేచి నిలబడింది. సువిశేష పఠనానికి నిలబడినట్టే నిలబడింది.

ప్రియులారా, ఈ వారం మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటి చూడండి. జపమాల అక్కడ చెప్పుకోండి. మందులు అడగండి. ఉత్తరమో, ఫోనో కలిపి పెట్టండి. ముందుగా కాసేపు కూర్చోండి. దూరాన ఉన్న బిడ్డలనూ, దగ్గర ఉన్న పెద్దలనూ ప్రభువు కాపాడునుగాక. ఆమెన్.