పరీక్ష బిడ్డకు కాదు, మనకు!

గర్భంలోని శిశువుకు రూపమిచ్చేవాడు అల్లాహ్ మాత్రమేనని దివ్యఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా మనకు బోధిస్తోంది. ఈ సత్యాన్ని విశ్వసించే మనమే, డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టగానే కోడలి వైపు వేలెత్తి చూపడం ఎంత విచారకరం!

కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాలలో ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని వచ్చి స్థిరపడిన కుటుంబాలెన్నో ఉన్నాయి. చదువుకున్న ఇళ్ళలో సైతం ఇలాంటి బిడ్డ పుడితే, 'గ్రహణం వేళ బయట తిరిగావా?' అన్న ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది.

సోదరులారా! హిజ్రీ 10వ సంవత్సరంలో మహాప్రవక్త (స) గారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకోసాగారు. ఆయన (స) ఆ మాటను వెంటనే ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుబతుకులతోనూ గ్రహణాలకు సంబంధం లేదని స్పష్టం చేశారు. నమాజు వైపు, దుఆ వైపు ప్రజలను మళ్ళించారు. సొంత బిడ్డ విషయంలో ఆయన ఒప్పుకోని మాటను మనం కోడలి నెత్తిన రుద్దవచ్చునా?

అసలు కారణమేమిటో వైద్యశాస్త్రం చెబుతోంది. మనిషి కణంలో సాధారణంగా 46 క్రోమోజోములుంటాయి. ఈ పిల్లలలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. ఈ సంగతిని 1959లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు వెల్లడించారు. చాలావరకు ఇది అండం లేదా వీర్యకణం ఏర్పడే దశలో జరిగే విభజన లోపం. తల్లి వయసు పెరిగేకొద్దీ దీనికి అవకాశం పెరుగుతుంది గాని, చిన్న వయసు తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు. తల్లి తిన్నదీ, తిరిగినదీ దీనికి కారణం కాదు. చేయని తప్పుకు ఒక విశ్వాసిని నిందించి బాధించడం ఘోర పాపమని అహ్జాబ్ సూరా హెచ్చరిస్తోంది. ఈ సాకుతో భార్యను పుట్టింటికి పంపేవారు ఆ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

మరి మన కర్తవ్యమేమిటి? తాయెత్తుల కోసం తిరుగుతూ విలువైన నెలలు పోగొట్టుకోరాదు. అదనపు క్రోమోజోమును తొలగించే మందు లేదు, నిజమే. కాని ఈ పిల్లలలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. దానికి చికిత్స ఉంది. థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు తప్పనిసరి. కూర్చోవడం, నడవడం, మాట్లాడడం నేర్పే శిక్షణ ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు జరుపుతోంది. మరో కాన్పుకు ముందు వైద్యుల సలహాతో క్రోమోజోము పరీక్ష చేయించుకోవడం వివేకం.

బిడ్డను చుట్టాలకు కనబడకుండా దాచకండి. పెళ్ళికి, పండుగ నమాజుకు వెంట తీసుకెళ్ళండి. విచక్షణ లేనివారి కర్మలను రాసే కలం ఎత్తివేయబడిందని మహాప్రవక్త (స) తెలిపారు. ఆ బిడ్డ పట్ల మనం ఎలా మసలుకున్నామో రాసే కలం మాత్రం ఆగదు.

అల్లాహ్ ఆ తల్లులకు సహనాన్ని, మన నాలుకలకు అదుపును ప్రసాదించుగాక! ఆమీన్.