పసిబిడ్డకు టీకా: దయాధర్మ విచారము

పసిబిడ్డకు మాట రాకమునుపే వీరశైవ గృహములలో లింగధారణ జరుగును. ఆ నిర్ణయము బిడ్డది కాదు, తల్లిదండ్రులది. టీకా విషయమునను స్థితి యిదియే. నొప్పి పడునది యొకరు, నిర్ణయించునది మరియొకరు. కనుకనే సంశయము సహజము. ఆరోగ్యముగా ఆడుకొను బిడ్డకు సూది వేయించి జ్వరము తెచ్చుటకంటె ఊరకుండుట మేలని తల్లి తలచినచో, ఆమెను మూఢురాలనుట తగదు.

కాని ఊరకుండుటయు నొక క్రియయే. తట్టు సోకిన వేయిమందిలో సుమారు ఒకరికి మెదడువాపు వచ్చును. టీకావలన సాధారణముగా కలుగునది కొలది దినముల జ్వరము, కొందరికి దద్దురులు. ఇచట త్రాసు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

పోలియో చుక్కల లెక్క ఇంత సులభము కాదు. వానిలోనిది బలహీనపఱచిన సజీవ సూక్ష్మక్రిమి. మొదటి మోతాదు గైకొన్న సుమారు 27 లక్షల మందిలో ఒకరికి ఆ చుక్కలవలననే పక్షవాతము రావచ్చును. ఈ సత్యమును దాచి టీకాను పొగడుట శరణధర్మము కాదు. 2011 జనవరిలో హౌరా జిల్లా బాలికకు సోకిన తరువాత దేశమున సహజ పోలియో కానరాలేదు. రోగము వెనుకంజ వేసినకొలది మందులోని కీడు పెద్దదిగా తోచును. అందుచేతనే 2015లో సజీవక్రిమి లేని సూదిమందును చేర్చిరి; 2016లో రెండవ రకపు క్రిమిని చుక్కలనుండి తొలగించిరి.

మశూచిని అమ్మవారి ఆగ్రహమని జడియుట ఏకలింగనిష్ఠకు పొసగదు. (ఆ జడుపు వీరశైవుల యిండ్లలో ఎన్నడును లేదనుట మాత్రము సాహసమే.) 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి అంతరించినదని ప్రకటించెను. దానిని తొలగించినది శాంతిపూజ కాదు, టీకా.

ఇరుగుపొరుగు బిడ్డలందఱు వేయించుకొనిరి గదా, ఒక్క తన బిడ్డకు లేకున్న నేమి యనువాదము మిక్కిలి చతురమైనది. తట్టు వ్యాపింపకుండుటకు నూటికి దాదాపు 95 మందికి రక్షణ యుండవలెను. తొమ్మిది నెలలు నిండని శిశువులు, క్యాన్సరు చికిత్సవలన సజీవ టీకాకు ఓర్వలేని బాలురు ఇతరుల రక్షణమీదనే బ్రతుకుదురు. వారికి ఆ పంక్తిలో కూర్చుండ హక్కు కలదు. శక్తియుండి కాయకము మాని దాసోహమునకు మాత్రము వచ్చి కూర్చుండువానిని బసవేశ్వరుని బోధ మెచ్చునా?

ఇక ఆ 27 లక్షలలో ఒకడైన బిడ్డ మాట. ఎల్లర క్షేమమునకై ఆ యిల్లు మూల్యము చెల్లించినది. దానిని విధి యని, ప్రసాదమని తల్లికి బోధించుట క్రూరము. అది సంఘము పడిన ఋణము. టీకాను ప్రోత్సహించు మఠమే ముందుగా ఆ గుమ్మము త్రొక్కవలెను. బిడ్డకు ఊతకఱ్ఱ కావలెను, బడికి పోవ బండి కావలెను, ఏండ్ల తరబడి చికిత్స కావలెను. తండ్రి చేయి చాచకమునుపే అవి అందవలెను.