దయకు పంజరము లేదు

12వ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు చేసిన బోధలో దయకు ప్రథమస్థానము కలదు. ఆ దయ మనుష్యజాతితో ఆగిపోవునది కాదు. సకల ప్రాణులకును చెందినది. ఈ మాటను కాదను శరణుడు లేడు. అయినను పెరటిలోని తొండ యెదుట ఈ దయకు పరీక్ష వచ్చును.

ఒక పల్లెలో ఒక భక్తుని యిల్లు కలదనుకొనుడు. అది శ్రావణమాసము. వీథిలోని బాలురు కొబ్బరియీనెకు ఉచ్చు పన్ని రెండు తొండలను పట్టి, మెడకు దారము కట్టి ఈడ్చుచుండిరి. వానకాలమున మగతొండకు తలయు గొంతుకయు ఎఱ్ఱబడును. అది మనుష్యుల రక్తము పీల్చుటచేత వచ్చిన ఎఱుపని బాలురు చెప్పుకొందురు. ఆ మాట అసత్యము. జతకట్టు కాలమున వచ్చు రంగు అది. తొండకు విషమును లేదు. ఆ యింటి బాలిక వారిని బతిమాలి, దారము కత్తిరించి, వెదురుబుట్టలో ఎండుటాకులు పఱచి వాటిని ఉంచెను.

అంతట చిక్కు మొదలయ్యెను. పాలన్నము పెట్టగా తొండలు ముట్టలేదు. మిడుతలను పట్టి తెత్తునని తమ్ముడు లేచెను. "ఒక ప్రాణిని బ్రతికించుటకు పది ప్రాణులను చంపుదుమా? లింగధారణ గల యిల్లు ఇది" అని అవ్వ అడ్డగించెను. "తినకున్న చచ్చిపోవును గదా అవ్వా!" అని బాలిక ఏడ్చెను. ఇద్దరి మాటలోను దయయే కలదు. అందుచేతనే ప్రశ్న కఠినమైనది.

సాయంకాలము విచ్చేసిన జంగమయ్య బుట్టలోనికి చూచి, "గాయమేమైన ఉన్నదా తల్లీ?" అని అడిగెను.

"లేదు స్వామీ, అలసినవి."

"అట్లయిన వాటికి కావలసినది విశ్రాంతి. ఆరోగ్యముగల పెద్ద తొండ ఒకటి రెండు దినములు తినకున్నను చావదు. పాలు వాటి ఆహారము కాదు. ఆకులమీద నీరు చిలుకరింపుము, బొట్లు నాకును. తొండ దేహమునకు స్వంతపు వేడి లేదు. ఈ చలివేళ విడిచిన పరుగెత్తలేదు. రేపు ఎండ కాయగానే కంచెలో విడువుము. తన ఆహారమును తానే వెదకుకొనును. ఆ వేట దాని స్వభావము. అవ్వ వ్రతమునకు భంగము రాదు."

"నేనే పెంచుకొనరాదా స్వామీ?"

జంగమయ్య నవ్వెను. "ఇంటికి వచ్చిన జంగమునకు మీ అవ్వ ఉపచారము చేయును గాని, తలుపు మూసి ఉంచుకొనదు గదా!"

మఱునాడు ఎండలో బుట్ట తెఱవగా ఒకటి వెంటనే కంచె ఎక్కెను. రెండవది కొంతసేపు బుట్ట అంచున కదలక ఉండి, పిమ్మట పోయెను. బాలిక కన్నీరు తుడుచుకొని, చేతులు సబ్బుతో కడుగుకొని లోనికి వచ్చెను.

ఆపదలో నున్న ప్రాణిని చేరదీయుట దయలో సగము మాత్రమే. "ఇది నాది" అను మమకారమును విడుచుట రెండవ సగము. నాది అనక చేయు సేవయే దాసోహము. గాయపడిన ప్రాణిని పశువైద్యునికి చూపవలెను. ఉడుమును ఇంట ఉంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము గనుక అటవీశాఖవారికి తెలుపవలెను. పూలపాదు త్రవ్వునపుడు తొండగుడ్లు బయటపడిన, వాటిని త్రిప్పక, ఉన్నవి ఉన్నట్లే మన్ను కప్పవలెను. త్రిప్పిన లోని పిల్ల చచ్చుట కలదు. కొన్ని వేళల చేయి చాచుట దయ. కొన్ని వేళల చేయి తీయుట దయ. ఈ రెంటి వివేకమును పిల్లలకు నేర్పిన యిల్లే శరణుల యిల్లు.