ఖాళీ అయిన గడి

ఫిల్మ్‌నగర్‌లో చదరంగం బల్ల మీద కన్నా విడుదల తేదీల క్యాలెండర్ మీదే ఎక్కువ ఆడతారు. 2022 సంక్రాంతి గుర్తుందా? జనవరి 7న ‘ఆర్ఆర్ఆర్’ వస్తోందని ‘భీమ్లా నాయక్’ పండగ వదులుకుని ఫిబ్రవరి 25కు జరిగింది. ‘భీమ్లా’కు చోటివ్వడానికి ‘ఎఫ్3’ వెనక్కి తగ్గింది. తీరా కరోనా మళ్లీ విజృంభించి ‘ఆర్ఆర్ఆర్’ వాయిదా పడింది, ‘రాధేశ్యామ్’ కూడా. ఏనుగులు తప్పుకున్న బల్ల మీద జనవరి 14న ‘బంగార్రాజు’ పండగ చేసుకున్నాడు. అదృష్టమేనా? కొంత అవును, కాదనను. కానీ గడి ఖాళీ అయ్యేసరికి ఈ బంటు ఒక్క అడుగు దూరంలో సిద్ధంగా ఉంది. పక్క కొట్టు మూతపడ్డాక సరుకు కోసం పరుగెత్తే వ్యాపారికి ఆ అడుగే అందదు. అన్నట్టు, చదరంగంలో వెనక్కి జరగలేనిది బంటొక్కటే; ఏనుగు జరగగలదు. వెనక్కి జరిగి మార్చి 25న వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’, పాటతో ఆస్కార్ పట్టుకొచ్చింది.