కొబ్బరికాయ చెప్పు ధర్మము

దేవాలయమునకు కొబ్బరికాయ లేక వెళ్ళు గృహస్థులు అరుదు. పీచు తీసిన కాయకు మూడు కన్నులుండుట పసివారును ఎరుగుదురు. అవి ఏల కలిగినవో విచారించువారు మాత్రము కొలదిమంది.

పుష్పమందలి అండాశయములో గింజలు రూపొందు గదిని వృక్షశాస్త్రజ్ఞులు బిలమందురు. నారింజపండులోని ఒక్కొక్క తొన ఒక్కొక్క బిలమే. కొబ్బరిపూవు అండాశయమున మూడు బిలములుండును. ఒక్కొక్కదానియందు ఒక్కొక్క అండము. మూడును గింజ కాదగినవే. అయినను సాధారణముగా రెండు ఎదుగక కృశించిపోవును. మూడవది పెరిగి కాయనంతను ఆక్రమించును. నీరు, కొబ్బరి దానివే. ఆ మూడింటి గుర్తులే మూడు కన్నులు. రెండు కన్నులు గట్టిపడి మూసికొనియుండును. ఒకటి మెత్తనిది. దాని అడుగుననే అంకురముండును. మొలక అచ్చటినుండియే వెలువడును.

అనేక కుటుంబముల చరిత్ర ఇట్టిదే. తమ్ముని చదువుకొరకు అన్న బడి మాని నాగలి పట్టును. అక్క పుస్తకములు కట్టిపెట్టి వంటయింట చేరును. తమ్ముడు ఉద్యోగస్థుడై, మేడ కట్టి, మ్రొక్కు చెల్లింప వచ్చును. అప్పటికి అన్నతో మాటలుండవు. అక్క పేరు శుభలేఖలోనైనను కనబడదు. "ఇదంతయు నా ప్రజ్ఞ" అను అహంకారముతో కొట్టిన కాయ స్వామికి ప్రీతి కలిగించునా?

చెట్టుకు ఇచ్ఛ లేదు. కృశించిన బిలము తెలిసి త్యాగము చేయలేదు. మనుష్యులు తెలిసి చేసిరి. కనుక మనుష్యుని ఋణము పెద్దది.

శ్రీరామచంద్రుడు ఈ ఋణమును మరువలేదు. అరణ్యవాసము ముగించి వచ్చినపుడు, పాదుకలకు రాజ్యమప్పగించి తపస్వివలె జీవించిన భరతుని ఒడిలో కూర్చుండబెట్టుకొనెను. పట్టాభిషిక్తుడైన పిదప యౌవరాజ్యమును మొదట లక్ష్మణునకే ఇవ్వబూనెను. లక్ష్మణుడు అంగీకరింపకపోగా భరతునకు ఒసంగెను. సర్వలోకశరణ్యుడే తమ్ముల త్యాగమును తలచుకొనెను. సామాన్య గృహస్థుడు మరువవచ్చునా?

ఎదిగిన గింజ తన కన్నును మెత్తగా ఉంచుకొన్నది. అదియు గట్టిపడినచో మొలకకు దారి లేదు. ఎదిగినవాని హృదయమును అట్లే ఆర్ద్రముగా ఉండవలెను. తిరుగుప్రయాణమున అన్నగారి గడప త్రొక్కి, ప్రసాదము చేతికిచ్చి, నమస్కరింపవలెను. అక్క మనుమరాలి చదువునకు చేయూత నీయవలెను. భాగవతసేవ తన సేవకంటె భగవంతునకు ప్రియమని పెద్దలందురు. ఆ సేవ స్వగృహమునందే ఆరంభము కావలెను.

కాయ కొట్టుటకు ముందు ఒక్క క్షణము ఆ మూడు కన్నులను చూడుడు. మూసికొనిన రెండును ఎవరివో మనస్సునకు తెలియును.