కొర్బాను – మన ఇంటి పెద్దలు

ధ్యాన భాగములు: మార్కు 7:9-13, 1 తిమోతి 5:16



తలిదండ్రులకు ఖర్చు పెట్టవలసిన సొమ్మును దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారు యేసు ప్రభువు దినములలో ఉండిరి. దానికి వారు పెట్టిన పేరు కొర్బాను. ప్రభువు దానిని భక్తి అనలేదు, దేవుని ఆజ్ఞను కొట్టివేయుట అన్నాడు. మందిర నిర్మాణపు చందాలో పేరు వ్రాయించుకొని, తల్లికి బి.పి. మాత్రలు కొనిపెట్టనివారు మనలో లేరా? సంఘ పెద్దలముగా ఈ మాట చెప్పుట మాకు కొంచెము కష్టమే. చందా అడిగేది కూడ మేమే గదా!

మన ప్రవాస తెలుగు సంఘములకు ఈ సంగతి క్రొత్త కాదు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత ఎన్నో ఇండ్లలో పెద్దల మందులకు డబ్బు, తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కిన పిల్లల జీతములోనుండి రావలసి వచ్చినది.

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, 70 ఏండ్లు నిండినవారికి విస్తరించినది. కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స. అమలు రాష్ట్రమును బట్టి వేరుగా ఉండును గనుక జబ్బు చేయకముందే విచారించుకొనుడి. అయితే అది ఆసుపత్రిలో చేరిన చికిత్సకు, ఇంటికి వచ్చిన తరువాత పదిహేను దినములకు మాత్రమే. పక్షవాతము వచ్చినవారు పదిహేను దినములలో లేచి నడుచుదురా? ఆ తరువాత నెలనెల మందులు, డైపర్లు, రాత్రి మేలుకొనుటకు ఒక మనిషి, ఇవన్నియు ఇంటివారి మీదనే.

“ఇంట్లో చూచుకొంటే ఖర్చేముంది?” అందురు. కోడలు ఉద్యోగము మానుకొన్నది. ఆ జీతమే ఆ ఖర్చు, దానికి రసీదు ఎవరును వ్రాయరు. విధవరాండ్రకు సహాయము చేయు విశ్వాసురాలిని గూర్చి పౌలు వ్రాసెను గాని, అన్నదమ్ములందరి భాగము ఆమె ఒక్కతే మోయవలెనని వ్రాయలేదు. దుబాయిలోనున్న తమ్ముడు క్రిస్మసుకు చీర పంపితే సరిపోదు. అందరు కూర్చుండి, ఎవరు దినములిత్తురో ఎవరు డబ్బిత్తురో కాగితము మీద వ్రాసికొనవలెను.

పెద్దలకు కూడ ఒక మాట. పి.ఎఫ్., గ్రాట్యుటీ అంతయు పెండ్లికి, మేడకు పోనియ్యకుడి. యోసేపు సమృద్ధి సంవత్సరములలో అయిదవ భాగము కూర్చిపెట్టెను, అది అవిశ్వాసము కాదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకములో మూడు నెలలకొకసారి వడ్డీ వచ్చును, మందుల అంగడికి అది చాల ఉపయోగము. ఇల్లు పిల్లల పేర వ్రాసినయెడల, మమ్మును పోషించవలెనను షరతు ఆ పత్రములోనే వ్రాయించుడి. షరతు తప్పితే 2007 నాటి తలిదండ్రుల పోషణ చట్టము, 23వ సెక్షను క్రింద ఆ పత్రమును రద్దు చేయించుకొనవచ్చును. కన్నబిడ్డల మీద అపనమ్మకమా అందురు. మామా అల్లుళ్లయిన లాబాను, యాకోబులే సాక్ష్యమునకు రాళ్లకుప్ప వేసికొనిరి.

సంఘ కాపరులకు మా మనవి: మంచము పట్టినవారున్న ఇండ్లు ఎన్నో లెక్క వ్రాయుడి. ఆదివారము ఆరాధన వేళ ఆ మంచము ప్రక్కన కూర్చుండుటకు వంతుల ప్రకారము ఒకరిని పంపుడి. ఆ ఇంటి కోడలు మందిరమునకు వచ్చి ఎన్ని నెలలైనదో!